ప్రమాణం అడగని వాంగ్మూలం

తుపాకి చట్టం గురించి మా రోజుల్లో పల్లె జనానికి తెలిసింది ఒకే ఒక్క ముక్క. "పర్వానా ఉంటే పర్వా లేదు." పర్వానా అంటే లైసెన్సు. ఆ మాట ఎవడు పుట్టించాడో గాని ప్రాస భలే కుదిరింది. మన దగ్గర ప్రాస కుదిరితే చాలు, అది వేదమై కూర్చుంటుంది. మీలో కోర్టు ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా ఉంటే మొదట చెప్పేది ఇదే: చట్టం గురించి ఎవరైనా ప్రాసతో చెబితే నమ్మకండి. ఆ నాలుగు మాటలు ఒక మనిషిని ఏం చేశాయో నేను దగ్గరుండి చూశాను. ఇప్పటికీ ఎవరైనా నవ్వుతూ ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అరవైల మొదట్లో నేను ఆసిఫాబాద్ మున్సిఫ్ మేజిస్ట్రేటు కోర్టులో బెంచి క్లర్కుని. మేజిస్ట్రేటు గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవారు. మంచి మనిషి, నిదానస్తుడు. కాని మా వాళ్ళు "నిన్న రాలే" అంటే, రానిది మనిషో వానో ఆయనకు తెలిసేది కాదు. అందుకని ఆయన తెలుగుకూ ఊళ్ళ తెలుగుకూ మధ్య నేను దుబాసీని. ఒకే భాషకు దుబాసీ ఏమిటయ్యా అని నవ్వకండి, రోజుకు పదిసార్లు అవసరం పడేది.

మరొకాయన మా పేష్కారు, కేసు కాగితాలు మేజిస్ట్రేటు ముందు పెట్టే గుమాస్తా. ఉర్దూ కాలం మనిషి, రిటైరు కావడానికి దగ్గర పడ్డాడు. సెక్షను అనడం ఆయనకు నోరు తిరగదు, అన్నీ దఫాలే. ముద్దాయి బోనెక్కగానే ముఖం చూసి నేరం చేసిందీ లేనిదీ చెప్పేస్తాననేవాడు. పదింట ఆరుసార్లు నిజమయ్యేది. మిగతా నాలుగూ ఆయన మరిచిపోయేవాడు.

అడవి అంచున చేలున్న రైతులకు పంట కాపలా కోసం భర్మారు తుపాకులకు లైసెన్సులు ఇచ్చేవారు. భర్మారంటే గొట్టం మూతి నుంచి మందు పోసి, గుండ్లు వేసి, కడ్డీతో దంచి పేల్చేది. పంది మీద పేలినన్నిసార్లు పట్టినవాడి మొహం మీద కూడా పేలేది. ఆ లైసెన్సు ఒక మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. అన్న పేరు మీద ఉన్న తుపాకిని తమ్ముడు పట్టుకుంటే అదే నేరం. ఈ సంగతి లైసెన్సు మీద రాసే ఉండేది. చదవగలిగినవాడికి తుపాకితో పని లేదు, తుపాకితో పనున్నవాడికి చదువు లేదు. ఇంట్లో కొడవలి ఎవరి చేతికి అందితే వాళ్ళు పట్టినట్టే తుపాకీ.

ఆ ఏడు జొన్న కంకికి గింజ పడుతున్న రోజుల్లో అడవి పక్క ఊళ్ళో ఒక మనిషి గుండు తగిలి చచ్చిపోయాడు. తెల్లవారుజామున మంచు పడుతుండగా ఎవరిదో జొన్న చేను లోంచి అడ్డంగా నడిచి వస్తున్నాడట. ఆ చేను ఇద్దరు అన్నదమ్ములది. తాతల కాలం నుంచి మిషన్ చర్చికి పోయే కుటుంబం. తండ్రి లేడు, తల్లి ఉంది. అన్నకు నలభై దగ్గర, తమ్ముడికి ఇరవై దాటాయి, ఇంకా పెళ్ళి కాలేదు. తుపాకి లైసెన్సు అన్న పేరు మీద ఉంది. చచ్చిపోయినవాడిది పక్క చేను. అతనికీ ఈ అన్నకూ మధ్య చేని హద్దు మీద గెట్టు తగాదా ఏళ్ళ తరబడి నడుస్తోంది.

రెండు రోజులకు సబ్ఇన్స్పెక్టరు అన్నను తీసుకొచ్చాడు. నేరం ఒప్పుకుంటానంటున్నాడు, వాంగ్మూలం రాసుకోండి అన్నాడు. పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు. మేజిస్ట్రేటు ముందు, స్వేచ్ఛగా చెప్పాలి. మా మేజిస్ట్రేటు గారు ఆ విషయంలో మహా పట్టింపు మనిషి. బేడీలు తీయించారు. పోలీసులందరినీ బయటికి పంపి తలుపు వేయించారు. "నేను పోలీసుని కాను, మేజిస్ట్రేటుని. నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు. చెబితే అది నీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది" అన్నారు.

అతను నా వైపు చూశాడు. నేను వాళ్ళ మాటలో చెప్పాను. "నువ్వు చెప్పేది నీ మీదికే వస్తది. ఎరుకేనా?"

"నా మీదికే రావాలె సార్," అన్నాడతను వెంటనే. "ఇంకెవ్వల మీదికి పోవద్దు."

ఎంత నిజాయితీపరుడో అనుకున్నాం అందరం. ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వాలి గనుక ఆ రాత్రికి సబ్‌జైలుకు పంపారు. పోలీసులెవరూ కలవకూడదని ఉత్తర్వు కూడా రాశారు. మర్నాడు మళ్ళీ అవే హెచ్చరికలు, మళ్ళీ అదే జవాబు. ఇక రాసుకుందామని నేను కాగితం సర్దుకుంటుంటే అతను చేతులు కట్టుకుని అడిగాడు.

"సార్, బైబిల్ మీద చెయ్యి పెట్టాల్నా?"

"అక్కర్లేదు," అన్నారు మేజిస్ట్రేటు గారు. "ప్రమాణం సాక్షులకే. ముద్దాయికి ఉండదు."

నేను మళ్ళీ వాళ్ళ మాటలో చెప్పనవసరం లేకపోయింది. అతనికి అర్థమైంది. భుజాలు దిగాయి, గుండెల నిండా ఊపిరి తీసుకుని వదిలాడు. ఆ ఊపిరి మేం ముగ్గురం విన్నాం. విని ముగ్గురం తప్పుగానే అర్థం చేసుకున్నాం. టీ తాగుతూ పేష్కారు తేల్చేశాడు: "చూసినవా? దేవుని పుస్తకం మీద చెయ్యి పెట్టాలంటే వణికిండు. చేసిన మనిషే. ముఖమే చెప్తుంది." నేను కూడా తలూపాను. అంతకంటే వేరే అర్థం ఎవరికి తడుతుంది?

వాంగ్మూలం చిన్నదే. పొద్దు పొడవక ముందు చేనుకు పోయాను, కంకులు కదిలాయి, పంది అనుకుని కాల్చాను, పోయి చూస్తే మనిషి. చదివి వినిపించాను. వేలిముద్ర వేశాడు. వేసి, బొటనవేలి సిరా తలకు తుడుచుకుంటూ అడిగాడు: "ఇగ ఇంటికి పోవచ్చునా సార్? జొన్న మీద పిట్టలు వడ్తయి."

మేజిస్ట్రేటు గారు కలం కింద పెట్టేశారు. "ఇంటికా? మనిషి చనిపోయాడు కదయ్యా!"

"పర్వానా ఉన్నది గద సార్ నాకు. పంది అనుకొని కాల్చిన. పర్వానా ఉన్నోడు కాలిస్తే తప్పు గాదన్నరు."

"ఎవరన్నారు?"

"మా పట్వారి."

ఊరి భూముల లెక్కలు రాసే ఆ పట్వారిని నేను తర్వాత చూశాను. దుర్మార్గుడేమీ కాదు. ఊళ్ళో చదువుకున్నవాడు అతనొక్కడే కావడం వల్ల, తెలియదు అనే మాట నోటికి రాని జబ్బు పట్టుకుందంతే. లైసెన్సంటే తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికీ, పంట కాపాడుకోవడానికీ ఇచ్చిన అనుమతి. దాంతో మనిషి పోతే ఆ కాగితం గొడుగు పట్టదు. ఈ మాట మేజిస్ట్రేటు గారు అతనికి చెప్పారు. నేనూ చెప్పాను. అతను విన్నాడు, మొహం మాడిపోయింది. అయినా చెప్పింది మార్చలేదు. "నేనే కాల్చిన" అన్నాడు మళ్ళీ. జైలుకు పంపారు.

అసలు గండం అక్కడితో ఆగలేదు. పంది అనుకుని కాల్చానన్న మాట ఇంకెవరి నోటి నుంచి వచ్చినా పొరపాటు కిందికి వచ్చేది. ఇతని నోటి నుంచి రాకూడదు. ఎందుకంటే అంతకు కొన్నాళ్ళ ముందు గెట్టు దగ్గర పదిమందిలో చచ్చిపోయినవాడితో ఇతను అన్నాడట: "ఇంకోపారి మా చేన్ల అడుగు వెట్టు, పందిని కాల్చినట్టు కాలుస్త." కోపంలో అన్న మాట. రైతు కోపంలో అనే మాటలన్నీ నిజమైతే మన పల్లెల్లో గెట్టుకో శవం లేచేది. కాని ఇక్కడ శవం లేచింది. తగాదా ఉంది, బెదిరింపు ఉంది, తుపాకి అతనిది, కాల్చింది నేనే అని అతనే అన్నాడు. పోలీసులు హత్య కింద కేసు పెట్టారు. మా కోర్టు విచారించి ఆదిలాబాదు సెషన్స్ కోర్టుకు పంపింది.

పంపిన తర్వాత వచ్చారు తల్లీ, తమ్ముడూ. మధ్యాహ్నం కోర్టు లేచిన వేళ వరండాలో నన్ను పట్టుకున్నారు. తమ్ముడు పెద్ద మాటల మనిషి కాదు. "సార్, కాల్చింది అన్న గాదు. నేను," అన్నాడు.

ఆ పొద్దు అన్న జ్వరంతో పడుకుని ఉన్నాడు. అటక మీది తుపాకి తీసుకుని పోయింది తమ్ముడు. కంకులు కదిలితే కాల్చిందీ అతనే. చచ్చిపోయినవాడితో అతనికి ఏ తగాదా లేదు. చిన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని జాతర చూశానని చెబుతూ ఏడ్చాడు.

"మరి అన్న ఎందుకు ఒప్పుకున్నాడు?" అన్నాను.

జవాబు ముసలమ్మ చెప్పింది. "నేనే పంపిన కొడుకా. పెద్దోనికి పర్వానున్నది, వానికేం గాదన్నడు పట్వారి. చిన్నోనికి పర్వాన లేదు, ఉరి వడ్తదన్నడు. నువ్వు జెప్పు బిడ్డా, నీకేం గాదు, తమ్ముడు బతుకుతడు అని నేనే అన్న." ఆమె కంట నీరు లేదు. ఎదురుగా ఉన్న గోడతో చెబుతున్నట్టు చెప్పింది. చట్టమేమో సరిగ్గా దానికి తలకిందులుగా ఉంది. తమ్ముడు ఆ రోజే వచ్చి జరిగింది చెప్పి ఉంటే, లైసెన్సు లేకుండా తుపాకి పట్టినందుకు కొంత, చూసుకోకుండా ప్రాణం తీసినందుకు కొంత శిక్ష పడేది. రెండూ కలిపినా కొన్నాళ్ళ జైలు. అన్న లైసెన్సు పోయేది. అంతే. ఇల్లు నిలబడేది.

లోపలికి పోయి మేజిస్ట్రేటు గారికి చెప్పాను. "స్వేచ్ఛగా, నిజంగా చెప్పాడని నమ్ముతున్నానని కింద సంతకం పెట్టాను. నేను పెట్టిన సంతకాన్ని నేను కొట్టెయ్యలేను. కేసు నా చేతిలో లేదు. సెషన్స్‌లో చెప్పమనండి," అన్నారు. ఆ రోజు ఆయన అన్నం క్యారియరు విప్పకుండానే ఇంటికి తిరిగి వెళ్ళింది. సబ్ఇన్స్పెక్టరు దగ్గరికి కూడా పోయారట వీళ్ళు. "అన్న లోపలికి పోయినంక తమ్ములకు ప్రేమ పొంగుకొస్తది" అని నవ్వాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆకులు పట్టుకోవడానికి కూడా ఎవడూ చెట్టు చూపించడు.

విచారణ రోజుకు రికార్డు తీసుకుని నేను ఆదిలాబాదు వెళ్ళాను. ముద్దాయి తరఫున సర్కారు ఖర్చుతో పెట్టిన వకీలు కుర్రవాడే గాని గట్టివాడు. తమ్ముడి మాట నమ్మాడు. కోర్టు మొదలయ్యే ముందు నన్ను పక్కకు పిలిచి, "నా మాట వింటలేడు. మిమ్మల్ని ఎరుగునట, మీరు చెప్పి చూడండి" అని అన్న దగ్గరికి తీసుకుపోయాడు. ఇద్దరు జవాన్ల మధ్య మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. సగమయ్యాడు మనిషి.

వకీలు అంతా విడమరచి చెప్పాడు. చెప్పింది వెనక్కి తీసుకో. జ్వరంతో పడుకున్నానని చెప్పు. తమ్ముడు నిజం చెబుతాడు. అతనికి పడేది చిన్న శిక్ష, నువ్వు బయటపడతావు. నేను కూడా అవునన్నాను, వకీలు చెప్పేదే చట్టం అన్నాను.

అతను మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే అడిగాడు.

"అప్పుడు పర్వానా ఉన్నోనికి ఏం గాదన్నరు. గిప్పుడు పర్వానా లేనోనికి ఏం గాదంటుండ్రు. అప్పుడు నమ్మి నేనొచ్చి వడ్డ. గిప్పుడు నమ్మి తమ్మున్ని దెచ్చి పడేయాల్నా?"

నేను ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంతకంటే న్యాయమైన ప్రశ్న వినలేదు. ఒకసారి మోసపోయినవాడికి రెండోసారి చెప్పేది నిజమే అయినా, దాని మొహం మొదటిదానిలాగే ఉంటుంది మరి.

తమ్ముడిని ముద్దాయి తరఫు సాక్షిగా ఎక్కించారు. బంట్రోతు బైబిలు తెచ్చి ముందు పెట్టాడు. తమ్ముడు దాని మీద చెయ్యి పెట్టగానే నేను ముద్దాయి బోను వైపు చూశాను. అన్న రెండు చేతులతో కటకటాలు పట్టుకుని తల దించేశాడు. అప్పుడు, అంత ఆలస్యంగా, ఆసిఫాబాదులో మేం విన్న ఆ ఊపిరి ఏమిటో నాకు తెలిసింది. నేరం చేసినవాడి భయం కాదది. దేవుని పుస్తకం మీద చెయ్యి పెట్టి అబద్ధం ఆడాల్సి వస్తుందేమోనని హడలిపోయినవాడు, ఆ గండం తప్పిందని వదిలిన ఊపిరి. ప్రమాణం అడిగి ఉంటే ఆ మనిషి ఆ రోజే నిజం చెప్పేసేవాడు. ముద్దాయిని ప్రమాణం అడగొద్దని చట్టం అన్నది వాడి మేలు కోరే. తన మీద తానే ప్రమాణపూర్వకంగా సాక్ష్యం చెప్పుకొనే బలవంతం ఎవడికీ ఉండకూడదని. మంచి నియమమే. ఇప్పటికీ మంచి నియమమే అంటాను. కాని ఆ మంచి నియమం కిందే ఈ మనిషి దాక్కున్నాడు.

తమ్ముడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. పోలీసుల తరఫున వాదించే ప్రాసిక్యూటరు లేచి రెండే ప్రశ్నలు వేశాడు.

"మీ అన్నంటే నీకు ప్రాణమా?"

"ప్రాణమే సార్."

"ఎట్లాగైనా ఆయన్ని బయటికి తేవాలని ఉందా?"

"ఉన్నది సార్."

కూర్చున్నాడు. ఆ రెండు నిజాలు చెప్పడంతో మూడో నిజం చచ్చిపోయింది. తమ్ముడికి అబద్ధమాడడం వస్తే అన్న బతికిపోయేవాడు. అది చాలదన్నట్టు అన్న బోను లోంచి అరిచాడు: "పోరడు సార్ వాడు! వానికి తుపాకి దంచుడు గూడ రాదు. నా కోసం చెప్తుండు!" జడ్జి గారు అరవొద్దని మందలించారు. మందలించారు గాని ఆ మాట చెవిలో పడింది.

తీర్పులో జడ్జి గారు తమ్ముడి ప్రేమను మెచ్చుకున్నారు. అటువంటి అనుబంధం ఈ రోజుల్లో అరుదు, అయితే అది సాక్ష్యం కాజాలదు అన్నారు. మేజిస్ట్రేటు అన్ని జాగ్రత్తలూ తీసుకుని రాసిన వాంగ్మూలాన్ని శంకించడానికి కారణం లేదన్నారు. మా మేజిస్ట్రేటు గారి పట్టింపంతా అట్లా అక్కరకొచ్చింది. యావజ్జీవం వేశారు. నేనాయన్ని తప్పుపట్టను. ఆ కాగితాలు నా ముందు పెట్టినా నేనూ అదే రాసేవాణ్ణి. హైకోర్టుకు పోయినా అదే నిలిచింది.

పేష్కారుకు ఈ సంగతంతా చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన ముఖాలు చూసి తేల్చడం మానేశాడు. రిటైరయ్యేదాకా బోను వైపు చూడకుండా కాగితాల్లో తల దూర్చి కూర్చునేవాడు. పట్వారి మాత్రం తానా మాట అననే లేదన్నాడు.

కొన్నేళ్ళ తర్వాత నాకు వేరే తాలూకాకు బదిలీ అయింది. ఒకసారి మంచిర్యాల స్టేషనులో బండి కోసం కూర్చుంటే తమ్ముడు గుర్తుపట్టి వచ్చాడు. బొగ్గు బావిలో పనిచేస్తున్నాడు. కళ్ళ కొసల్లో ఎంత కడిగినా పోని నలుపు. పెళ్ళి చేసుకోలేదట. ముసలమ్మ పోయిందట. ఊళ్ళో ఉండలేక ఇటు వచ్చేశానన్నాడు.

"ఊళ్ళె అందరు మంచోడంటరు సార్. అన్న కోసం జైలుకు పోనీకి తయారైండు అని పిల్లలకు నన్ను చూపిస్తరు. నేను కాల్చిన అంటె నవ్వి భుజం తడ్తరు."

అన్నను చూడడానికి వరంగల్ జైలుకు పోతుంటావా అని అడిగాను. పోతానన్నాడు. పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

"మొన్న పోయినప్పుడు జవాను దూరం జరిగిండు సార్. ఇనేటోడు ఎవ్వడు లేడు. అన్నా, ఇప్పుడన్న ఒక్క తిట్టు తిట్టరాదే, కాల్చింది నేను గద అని నేనన్న. నువ్వెట్ల కాలుస్తవురా, నువ్వు ఇంట్ల పండుకుంటివి, నేనే గద పోయింది అన్నడు. కంకులు ఎట్ల కదిలినయి, తుపాకి ఎట్ల తన్నింది, అంత చెప్పిండు. నన్ను కాపాడనీకి చెప్తలేడు సార్. నిజంగనే గట్ల అనుకుంటుండు."

కూర్చొమ్మని బెంచీ మీద చోటిచ్చాను.

"అవ్వ పాయె. అన్న గిట్లయ్యె. గా పొద్దు కాల్చింది ఎవ్వలో ఎరికున్నోన్ని ఇగ నేనొక్కన్నే సార్."

"నాకు తెలుసు కదా," అన్నాను. ఓదార్పుగానే అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు.

"మీకు నేను చెప్తెనే గద సార్ ఎరికైంది. జడ్జి సాబుకు గూడ నేనే చెప్పిన."